అవ్వ మొక్కు, సూరి హాల్‌టికెట్

ఈ కథను ఈ వారమే చేతిలోకి తీసుకున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు. పెనుకొండ కొండ కనబడేంత దూరంలో, హైవే పక్కన ఉన్న జయమంగళి విశ్వవిద్యాలయంలో సూరి ఎం.ఏ. ఆఖరి సెమిస్టరు చదువుతున్నారు. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటి బిడ్డ. రికార్డుల్లో పేరు సురేంద్ర. తాను మగా కాదు, ఆడా కాదు అని సూరి పోయిన ఏడాది బయటికి చెప్పుకున్నారు. తనను ‘వాడు’ అనవద్దని, ‘ఆమె’ అనవద్దని, ‘వారు’ అంటే చాలని అడిగారు. స్నేహితులు సరేనన్నారు. ఎకనామిక్స్ చెప్పే ఉమేష్ సారు మాత్రం ససేమిరా అన్నాడు. హాజరు పిలిచేటప్పుడు ఆయన “సురేంద్ర వచ్చినాడా?” అని అడగడం, సూరి పలకకపోవడం, ఆయన ఆబ్సెంట్ వేయడం రెండు నెలలు సాగింది. హాజరు డెబ్భై అయిదు శాతానికి కిందికి జారింది, హాల్‌టికెట్ ఆగిపోయింది. ఆడిటోరియంలో దీనిమీద చర్చ పెడితే అది మాటలు దాటి కుర్చీలు విసురుకునేదాకా పోయింది. పరీక్షలు సోమవారం. విచారణ గురువారం, ఇంట్లోవాళ్ళను తీసుకుని రావాలని నోటీసు. కిందటి వారం మనం ఆగింది ఆ నోటీసు దగ్గర.

నా గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. ఈ సీరియల్లో సూరిని నేను మొదటినుంచీ ‘అన్నారు, వెళ్ళారు’ అనే రాస్తున్నాను. ఇరవై రెండేళ్ళ పిల్లోడికి అంత మర్యాద ఎందుకని పరిగి నుంచి ఒక పాఠకుడు సంపాదకుడికి ఘాటుగా రాశాడు. ఆయన మాట కొట్టిపారేయను. కానీ కొత్తల్లుడు ఇరవై రెండేళ్ళవాడైనా మనం ‘మీరు’ అంటాం. పసుపు పూసిన రాయిని పల్లకీలో మోసుకొస్తూ ‘స్వామివారు వస్తున్నారు’ అంటాం. మర్యాదకు మన దగ్గర కరువేం లేదు. ఎవరికి పెట్టాలన్న దగ్గరే పేచీ.

సరే, గురువారానికి వద్దాం.

పదకొండు గంటలకు డీన్ వేణుమాధవ్ గదిలో ఆరుగురు కూర్చున్నారు. బల్లకు అవతల డీన్, ఆయన పక్కన తెలుగు చెప్పే హేమావతి మేడం. ఆమె రోజూ హిందూపురం నుంచి బస్సులో వచ్చి పోయే మనిషి. ఆ రోజు కమిటీలో ఉన్నారు, మినిట్స్ రాయడం ఆమె పని. ఇవతల ఒక చివర ఉమేష్ సారు, ఇంకో చివర సూరి. మధ్యలో సూరి నాయన రామాంజనేయులు, అవ్వ కుళ్ళాయమ్మ. తల్లి రాలేదు. మగ్గం మీద చీర సగంలో ఉంది, శనివారానికి పెళ్ళివాళ్ళకు అందాలి, మొగుడు లేచి వస్తే ఆమె కూర్చోక తప్పదు.

నిజానికి అవ్వను ఎవరూ పిలవలేదు. ధర్మవరం బస్టాండులో కొడుకు టికెట్టు తీసుకునేసరికి ఆమె సీట్లో కూర్చుని ఉంది. డెబ్భై దాటిన మనిషిని బస్సులోంచి దించడం రామాంజనేయులుకు చేతకాలేదు. దారి పొడుగునా తల్లీకొడుకులు మాట్లాడుకోలేదు. కొడుకు ఉగాది నుంచి సూరితో కూడా మాట్లాడటం లేదు. ఆ ఇంట్లో మాట్లాడకపోవడం కూడా ఒక రకమైన మాటే.

ముందు ఉమేష్ సారు వంతు. పోయిన వారం ఆయన్ను నేను కాస్త దుర్మార్గుడిగా చూపించానని ఒప్పుకుంటాను. మనిషి అంత చెడ్డవాడు కాదు. మడకశిర దగ్గర పల్లె. తండ్రి ఎవరి గొర్రెలో కాసి ఈయన్ను చదివించాడు. ఆ ఊరి పెద్దిళ్ళ పిల్లలు, మూతి మీద మీసం రానివాళ్ళు కూడా, ఆ తండ్రిని ‘ఏరా’ అని పిలవడం ఈయన చూశాడు. అది చూసినవాడికి ‘వారు’, ‘గారు’ అనే మాటల బరువు మనకన్నా ఎక్కువ తెలుస్తుంది.

“మా నాయన సచ్చేదాకా ఆయన్ను గారు అన్నోళ్ళు లేరు సార్,” అన్నాడాయన. “నన్ను నలభై ఏండ్లకు, పీహెచ్‌డీ అయినాక అన్నారు. అది సంపాయించుకునేది. అప్లికేషన్ పెట్టి తీసుకునేది కాదు.”

ఎదురు చెప్పేంత తేలికైన మాట కాదది. హేమావతి మేడం మాత్రం సూరి వైపు తిరిగి, దీనికి మీరేమంటారు అని అడిగారు. ‘మీరు’ అనేది ఆమెకు అలవాటు. క్లాసులో అందరినీ అలాగే అంటారు, ఆకాశం ఏమీ ఊడిపడలేదు.

సూరి నిదానంగానే చెప్పారు. “నాకు పెద్దరికం వద్దు సార్. మీరు నన్ను ఎంత చిన్నగా చూసినా సరే. వాడు అనకుండా, ఆమె అనకుండా మనకుండే మాట ‘వారు’ ఒక్కటే. అందుకే అడిగినా. ఇంకోటుంటే చెప్పండి, అదే అనండి.”

ఉమేష్ సారు దగ్గర ఇంకోటి లేదు. జవాబు లేనప్పుడు మనుషులు సాక్ష్యం వెతుక్కుంటారు. ఆయన సూరి జడను, ముక్కుకున్న చిన్న పుడకను చూపించాడు. ఇదంతా ఫ్యాషన్ సార్, బెంగుళూరుకు పోయి కుట్టించుకొని వచ్చినాడు, ఇది చూసి ఇంకో ఇద్దరు అదే పాట మొదలుపెట్టినారు అన్నాడు. ఆ ఇద్దరి సంగతి నిజమే. సూరి అడిగిన తర్వాత బీఎస్సీలో ఒకరు, బీకాంలో ఒకరు అదే కోరుతూ చీటీలు పెట్టారు. పేర్లు డీన్ సొరుగులో ఉన్నాయి.

రామాంజనేయులు తల వంచుకున్నాడు. కొడుకు చేసిన పనికి సిగ్గుపడ్డాడని డీన్ అనుకున్నాడు. కాదు. ఆయనకు తెలిసిన సంగతి ఒకటుంది, అది ఇక్కడ బయటికి రాకూడదని మొక్కుకుంటున్నాడు.

“అది బెంగుళూరులో కుట్టింది కాదప్పా,” అంది కుళ్ళాయమ్మ. “నేను కుట్టిస్తి.”

ఉండమ్మా అన్నాడు కొడుకు. ఆమె ఉండలేదు.

సూరి కంటే ముందు ఆ ఇంట్లో ఇద్దరు పుట్టారు. ఇద్దరూ మగబిడ్డలే. ఒకడు మూడు నెలలకు పోయాడు, ఇంకొకడు పదకొండు నెలలకు, ముందు పళ్ళు వచ్చాక. మూడోసారి కోడలు నీళ్ళు పోసుకున్నప్పుడు కుళ్ళాయమ్మ తాడిమర్రి దారిలో గుట్ట మీదున్న ఇంటిదేవుడు నరసింహస్వామికి మొక్కుకుంది. పుట్టిన రోజే బిడ్డను చేటలో పెట్టుకుపోయి వీధి చివర తిప్ప మీద, అంటే పెంటకుప్ప మీద, పడుకోబెట్టింది. పక్కింటి సుంకమ్మ ఆ దారిన పోతున్నట్టు వచ్చి ఎత్తుకుంది. తిప్పలో బిడ్డ దొరికింది, కొనుక్కుంటావా అని అడిగింది. కుళ్ళాయమ్మ దోసెడు తవుడిచ్చి కొనుక్కుంది. ఇంట్లోకి వచ్చింది వాళ్ళ కడుపున పుట్టిన బిడ్డ కాదు, తవుడుకు కొన్న బిడ్డ. ఇక దాని మీద చావుకు హక్కు లేదు.

అంతటితో ఆగితే ఆ చుట్టుపక్కల చాలా ఇళ్ళలో జరిగిన కథే. తిప్పయ్యలు, తిప్పమ్మలు ఊరికి నలుగురున్నారు. కుళ్ళాయమ్మకు అది చాలలేదు. పోయిన ఇద్దరూ మగబిడ్డలు కాబట్టి ఈ బిడ్డ మగబిడ్డని చావుకు తెలియకూడదు అనుకుంది. ముక్కు కుట్టించింది. లంగా జాకెట్టు తొడిగింది. జుట్టు కత్తిరించకుండా పెంచి జడ వేసింది. తిప్పక్కా అని పిలిచింది. ఆ వీధి వీధంతా పిలిచింది. అయిదేళ్ళు నిండాక గుట్టకు పోయి, జడ దేవునికిచ్చి, ఆ లంగా అక్కడ విప్పి, చొక్కా తొడిగించుకొని రావాలని మొక్కు.

“మరి తీర్చినారా అవ్వా?” అని హేమావతి మేడం అడిగారు. ఆమె పెన్ను ఆగిపోయి చాలాసేపయింది.

తీర్చలేదు. ఆ ఏడాదే ఎండాకాలంలో తాత పోయాడు. చావు జరిగిన ఇంట్లో ఏడాది దాకా మొక్కులు తీర్చకూడదన్నారు. జూన్‌లో బడి తెరిచారు. జడ వేసుకుని లంగాలో వచ్చిన పిల్లకు సురేంద్ర అని పేరెలా రాసుకోవాలన్నాడు హెడ్‌మాస్టరు. రామాంజనేయులు ఆ సాయంత్రమే అంగడికి పోయి చొక్కా, నిక్కరు కొన్నాడు. మంగలిని ఇంటికి పిలిచి అరుగు మీద కూర్చోబెట్టి జడ కత్తిరించాడు. సంవత్సరం దాటాక గుట్టకు పోదామనుకున్నారు. ఆ సంవత్సరం దాటింది, ఇంకోటీ దాటింది. మొక్కు మర్చిపోతే గుర్తుచేసేవాళ్ళు ఉండరు. దేవుడు నోటీసు పంపడు.

ఇదంతా చెప్పి అవ్వ కొడుకును చూడలేదు, సూరిని చూసింది. సూరి ముఖంలో ఆశ్చర్యం కనిపించలేదు. తెలిసిన కథే అయి ఉండాలి.

“దేవునికి చెప్పకుండా చొక్కా తొడిగినాము,” అంది డీన్‌తో. “బిడ్డను ఇడిసిపెట్టినాడో లేదో మాకు తెలీదు. నా బిడ్డ నేను మగోన్ని కాదు అంటాంటే మీకంతా ఎగతాళిగా ఉండాది. నాకు భయమైతాది సారూ. ఇద్దర్ని ఈ చేతులతోనే పూడ్చినా. దాన్ని మగోడు, మగోడు అని పిలవద్దండి. గారు అనండి, మీకేం పోతాది?”

రెండు చేతులూ జోడించి బల్లకేసి వంగింది. ఉమేష్ సారు లేచి, కూర్చో అవ్వా అని భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు.

డీన్ వేణుమాధవ్ ముఖం మాత్రం విచ్చుకుంది. ఆయన దేవుడికీ దయ్యానికీ కూడా అంతగా భయపడడు. ఫైలుకు భయపడతాడు. సూరి అడిగింది ఇస్తే ఒక వర్గం వచ్చి గేటు దగ్గర కూర్చుంటుంది, ఇవ్వకపోతే ఇంకో వర్గం కూర్చుంటుంది. రెండు నెలలుగా ఆయన నిద్ర అక్కడే చెడింది. ఇప్పుడు ముసలావిడ నోట ఒక దారి దొరికింది. కుటుంబ ఆచారం, దేవుని మొక్కు. దీనికి ఏ వర్గమూ గేటు దగ్గర కూర్చోదు.

వెంటనే చెప్పడం మొదలుపెట్టాడు, హేమావతి మేడం రాసుకోవాలి. సురేంద్ర అను విద్యార్థి కుటుంబానికి తీరని మొక్కు ఉన్నందున, అది తీరేవరకు సదరు విద్యార్థిని గౌరవవాచకంతో పిలువవచ్చును. ఆ కారణంగా తగ్గిన హాజరును మత ఆచారం కింద మన్నించి హాల్‌టికెట్ ఇవ్వవచ్చును. మొక్కు తీరిన పిమ్మట మామూలు పద్ధతి.

మీకు అభ్యంతరమా అని ఉమేష్ సారును అడిగాడు. ఆయన ఒక్క క్షణం కూడా తీసుకోలేదు.

“దేవుని పనికైతే నాకేం అభ్యంతరం సార్. ఈ నాలుగు దినాలు గారు అంటా.”

రెండు నెలలు మనిషి అడిగితే రాని మాట, దేవుని పేరు చెప్పగానే అరనిమిషంలో వచ్చింది. నేను దాన్ని తప్పు పట్టను. మనలో చాలామందిమి అంతే. కానీ సూరి ఆ మాట విన్నప్పుడు ఎలా ఉండి ఉంటుందో ఒకసారి ఆలోచించండి.

ఆ మాటలే రాసిన మన్నింపు ఫారాన్ని డీన్ సూరి ముందుకు జరిపాడు. సంతకం పెడితే హాల్‌టికెట్ ఇప్పుడే స్టాంపు వేసి ఇస్తానన్నాడు. హేమావతి మేడం ఆపారు. ఇది మీరు చెప్పే కారణమేనా అని సూరిని అడిగారు.

సూరి కాగితం పూర్తిగా చదివారు. తర్వాత అవ్వ వైపు తిరిగి చెప్పారు, డీన్‌కు కాదు.

“అవ్వా, లంగా తీసినందుకు నేను ఇట్ల కాలేదు. లంగా కట్టినప్పుడు వీధిలో అందరూ తిప్పక్కా అంటాంటే, అదీ నేను కాదనే అనుకుంటి. చొక్కా తొడిగినాక సురేంద్రా అన్న్యారు. అదీ కాదు. దేవునికేం కోపం లేదు, నువ్వు భయపడాకు.”

అవ్వకు అది ఎంత అర్థమైందో నేను చెప్పలేను. సూరి చేయి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

సూరి డీన్‌తో అన్న మాట ఇంకా చిన్నది. “ఆ బీఎస్సీ, బీకాం వాళ్ళకు మొక్కు లేదు సార్. నేను దీంట్లో సంతకం పెడితే, మొక్కుంటేనే గారు అంటామని మీరు రాసిచ్చినట్టు. రేపు వాళ్ళు వస్తే ఏం చెప్తారు?”

వాళ్ళ సంగతి తర్వాత చూద్దామన్నాడు డీన్. గొంతులో విసుగు దాచుకోలేదు. సంతకం పెట్టకపోతే విచారణ కొనసాగుతుందని, ఇంకో తేదీ ఇస్తామని, ఆ తేదీ పరీక్షలయ్యాకే ఉంటుందని కూడా చెప్పాడు. అంటే ఏడాది పోయినట్టే. ఎం.ఏ. తర్వాత హైదరాబాదులో సూరికి రీసెర్చి సీటు వచ్చి ఉందని, ఈ సెమిస్టరు మార్కులు లేకపోతే అది కూడా పోతుందని ఆ గదిలో అందరికీ తెలుసు.

సూరి పెన్ను బల్ల మీద పెట్టేశారు.

రామాంజనేయులు లేచాడు. తల్లిదండ్రులు సంతకం పెడితే చెల్లుతుందా సార్ అని అడిగాడు. డీన్ ఆలోచించాడు. విద్యార్థి మేజరు, చెల్లకూడదు. కానీ మొక్కు కుటుంబానిది కదా అని తనకు తాను చెప్పుకున్నాడు. ఫారం కింద తండ్రి అని ఒక గీత కూడా ఉంది. చెల్లుతుందన్నాడు. హేమావతి మేడం అడ్డు చెప్పబోతే, మీరు మినిట్స్ రాయండి మేడం అన్నాడు. ఆమె రాయలేదు. మినిట్స్ పుస్తకం మూసేశారు.

“నాయనా, వద్దు,” అన్నారు సూరి. ఉగాది తర్వాత ఇద్దరి మధ్య ఇదే మొదటి మాట.

రామాంజనేయులు సంతకం నింపాదిగా పెట్టాడు, ఒక్కో అక్షరం విడిగా. పెట్టాక సూరిని చూశాడు. కళ్ళల్లో నీళ్ళున్నాయి, కోపం కూడా ఉంది. రెండూ ఒకే మనిషి మీద.

“నలభై ఏండ్లు మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకోని కూర్చున్నా. నడుము ఇరిగింది, కండ్లు పోతాండాయి. నువ్వు ఆ గుంతలో కూర్చోగూడదు, అంతే నాకు కావాల్సింది. నిన్ను ఏమని పిలుస్తారో నాకొద్దు. పరీక్ష రాయాల నువ్వు.”

డీన్ హాల్‌టికెట్ మీద స్టాంపు వేశాడు, కింద పొట్టి సంతకం చేశాడు. మొక్కు ఎప్పుడు తీరుస్తారో తేదీ వేయాలని అన్నాడు. ఆదివారం అన్నాడు రామాంజనేయులు, గుట్ట మీద. అయితే సోమవారం నుంచి మామూలే కదా సార్ అని ఉమేష్ సారు అడిగాడు. మామూలే అన్నాడు డీన్.

సూరి కాగితం మీది తేదీ చూశారు. ఆదివారం గుట్టకు పోతే జడా పోతుంది, సోమవారం నుంచి ఆ క్యాంపస్‌లో తాను సురేంద్ర, ‘వాడు’. సొరుగులో ఉన్న ఆ రెండు చీటీలు చెత్తబుట్టలోకి పోతాయి. గుట్టకు పోకపోతే నాయన దేవుని పేరు మీద అబద్ధపు సంతకం పెట్టినవాడవుతాడు. ధర్మవరంలో ఆయనకున్న ఆస్తల్లా మాట తప్పడన్న పేరే.

“నేను గుట్టకు రాను నాయనా,” అన్నారు చివరికి. “నీ మీద కోపంతో కాదు. రాలేను.”

“మొక్కింది నేను రా రామాంజీ,” అంది అవ్వ. సూరి చేయి ఇంకా వదల్లేదు. “దేవుడు అడిగితే నన్ను అడగాల. నువ్వెవరు తీర్చేకి?”

డీన్ హాల్‌టికెట్‌ను సూరి వైపు చాపాడు. సూరి చేయి అవ్వ ఒళ్ళోంచి వచ్చేలోపల తండ్రి అడ్డంగా చేయి పెట్టి దాన్ని అందుకున్నాడు. పట్టుచీర మడత పెట్టినంత జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, జేబు గుండీ వేసుకున్నాడు.

“ఇది ఆదివారం గుట్ట కాడ ఇస్తా,” అన్నాడు. “గుండు చేయించుకున్నాక.”